.44 మాగ్నమ్ నుంచి .500 దాకా: వేట రివాల్వర్ కార్ట్రిడ్జ్‌ల లెక్కల డైరీ

శనివారం: ప్రశ్న

నా మిత్రుడి దగ్గర ఏడున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న .44 మాగ్నమ్ రివాల్వర్ ఉంది. (.44 అంటే సుమారుగా అంగుళాల్లో బుల్లెట్ వ్యాసం, మాగ్నమ్ అంటే ఎక్కువ శక్తి ఉన్న కార్ట్రిడ్జ్, అంటే తూటా.) జింకల సీజన్‌కి దాన్ని పక్కన పెట్టి .460 గానీ .500 గానీ కొనాలని అతని ఆలోచన. "అన్నా, ఎనర్జీ మూడింతలట కదా, అంటే దూరం కూడా బాగా పెరిగినట్టేగా?" అని అడిగాడు. నోటి మాటగా చెప్పేయొచ్చు. కానీ కొత్త రివాల్వర్ అంటే చిన్న ఖర్చు కాదు, పైగా ఇది ఒక ప్రాణితో ముడిపడిన విషయం. గాయపడిన జింక తప్పించుకుని పొదల్లో ఎక్కడో చచ్చిపోవడం కంటే ఘోరం వేటలో ఇంకోటి లేదు. అందుకే కూర్చుని సరిగ్గా లెక్క తీయాలనుకున్నాను.

ముందు ఏవేవి పోల్చాలో రాసుకున్నాను. .357 మాగ్నమ్ 1935లో వచ్చింది, మాగ్నమ్ అనే పేరుతో వచ్చిన మొదటి రివాల్వర్ కార్ట్రిడ్జ్ అదే. దాన్ని అడుగు గీతగా పెట్టుకున్నాను. తుపాకుల గురించి రాసే అమెరికన్ రచయిత ఎల్మర్ కీత్ ఏళ్ల తరబడి పట్టుబట్టగా 1950ల మధ్యలో వచ్చిన .44 మాగ్నమ్ ఈ పోలికకి నడుం లాంటిది. 1964 నాటి .41 మాగ్నమ్ ఆ రెంటికీ మధ్యన ఉంటుంది. తుపాకుల తయారీదారు డిక్ కాసుల్ 1950ల చివర్లో తయారుచేసిన .454 కాసుల్, 1983లో వయోమింగ్‌లోని ఫ్రీడమ్ ఆర్మ్స్ దానికోసం రివాల్వర్ తెచ్చాక గానీ నలుగురికీ అందలేదు. ఆ తర్వాత .480 రూగర్, 2003లో .500 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్), 2005లో .460 ఎస్ అండ్ డబ్ల్యూ.

ఇందులో ఒక వంశవృక్షం కూడా ఉంది. 1870ల నాటి .45 కోల్ట్ కార్ట్రిడ్జ్ గొట్టాన్ని (బుల్లెట్‌నీ తుపాకీ మందునీ పట్టి ఉంచే కేస్‌ని) కాస్త పొడిగిస్తే .454, ఇంకా పొడిగిస్తే .460. పొడవులు వరుసగా 1.285, 1.383, 1.8 అంగుళాలు. అందుకే .460 రివాల్వర్‌లో మిగతా రెండూ పేలుతాయి, పాత .45 కోల్ట్ తుపాకీలో మాత్రం .454 దూరదు. దూరకపోవడమే మంచిది. .45 కోల్ట్‌కి గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు, .454కి 65,000.

ఫ్యాక్టరీ కార్ట్రిడ్జ్‌లనే తీసుకోవాలని నియమం పెట్టుకున్నాను. ఇంట్లో నింపుకునే లోడ్‌లు ఒక్కొక్కరివి ఒక్కో రకం. వాటిని కలిపితే పోలిక అనే మాటకే అర్థం ఉండదు.

ఆదివారం: మొదటి పట్టిక

కంపెనీలు ప్రచురించిన వేగాలను షీట్‌లోకి ఎక్కించాను. శక్తికి ఫార్ములా సులువే: గ్రెయిన్లలో బుల్లెట్ బరువుని వేగం వర్గంతో గుణించి 450,240తో భాగిస్తే ఫుట్-పౌండ్లు వస్తాయి. ద్రవ్యవేగానికైతే బరువుని వేగంతో గుణించి 7000తో భాగించాలి, ఎందుకంటే పౌండుకి 7000 గ్రెయిన్లు.

| కార్ట్రిడ్జ్ | బుల్లెట్ (గ్రెయిన్లు) | వేగం (అడుగులు/సె.) | శక్తి (ఫుట్-పౌండ్లు) | ద్రవ్యవేగం (పౌండ్-అడుగులు/సె.) |
|---|---|---|---|---|
| .357 మాగ్నమ్ | 158 | 1235 | 535 | 27.9 |
| .41 మాగ్నమ్ | 210 | 1300 | 788 | 39.0 |
| .44 మాగ్నమ్ | 240 | 1180 | 742 | 40.5 |
| .480 రూగర్ | 325 | 1350 | 1315 | 62.7 |
| .454 కాసుల్ | 300 | 1625 | 1759 | 69.6 |
| .460 ఎస్ అండ్ డబ్ల్యూ | 200 | 2200 | 2150 | 62.9 |
| .500 ఎస్ అండ్ డబ్ల్యూ | 440 | 1625 | 2580 | 102.1 |

మిత్రుడు చెప్పిన "మూడింతలు" తప్పేం కాదు. .44కి 742 అయితే .460కి 2150. కానీ .480, .460 వరుసలు చూడండి. ద్రవ్యవేగం రెంటికీ ఇంచుమించు ఒకటే, 62.7, 62.9. శక్తిలో మాత్రం .460 ఏకంగా 60 శాతానికి పైగా ముందుంది. శక్తిలో వేగం వర్గమై కూర్చుంటుంది కాబట్టి తేలికైన, వేగమైన బుల్లెట్‌కి ఆ కాలమ్‌లో ఎప్పుడూ పెద్ద అంకె వస్తుంది. కార్ట్రిడ్జ్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసేది కూడా ఆ కాలమే.

దీని పక్కన సెక్షనల్ డెన్సిటీ కాలమ్ ఒకటి చేర్చాను. పౌండ్లలో బుల్లెట్ బరువుని వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చేది. ఒకే ఆకారం, ఒకే గట్టిదనం ఉన్న రెండు బుల్లెట్‌లలో ఏది లోతుగా దిగుతుందో చెప్పడానికి ఇది పనికొస్తుంది. .44లో 240 గ్రెయిన్లకి 0.186, .480లో 325కి 0.206, .454లో 300కి 0.210, .500లో 440కి 0.251. .460లో 200 గ్రెయిన్ల బుల్లెట్‌కి 0.140 మాత్రమే, .357లో 158 కంటే కూడా తక్కువ. ఆ బుల్లెట్‌ని వేగంగా వెళ్లి బాగా విచ్చుకునేలా తయారుచేశారు. జింక ఊపిరితిత్తులకి అడ్డంగా పడితే అది చాలు. ఎల్క్ (అమెరికాలోని పెద్ద దుప్పి) భుజం ఎముక దాటాలంటే నేనైతే దాన్ని ఎంచుకోను. అదే .44లో 300 గ్రెయిన్ల గట్టి సీసం బుల్లెట్ వేస్తే సెక్షనల్ డెన్సిటీ 0.233కి పోతుంది. అంటే రివాల్వర్ మార్చకుండా బుల్లెట్ మార్చి లోతు సంపాదించవచ్చు.

ఒకే కార్ట్రిడ్జ్‌లో వేర్వేరు బుల్లెట్‌ల మధ్య తేడా, ఒక్కోసారి రెండు కార్ట్రిడ్జ్‌ల మధ్య తేడా కంటే పెద్దది. ఈ ముక్క షీట్ పైభాగాన ఎర్ర రంగులో రాసి పెట్టుకున్నాను.

మంగళవారం రాత్రి: స్క్రిప్ట్

బ్యారెల్ దాటాక బుల్లెట్ దారి ఎలా ఉంటుందో తెలియాలంటే షీట్ చాలదు. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశాను. జీ1 డ్రాగ్ మోడల్ (గాలి రాపిడి లెక్కకి వాడే ప్రామాణిక నమూనా), దానికి బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (బుల్లెట్ గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె). ప్రతి చిన్న అంచెలో గాలి బుల్లెట్‌ని ఎంత లాగుతుందో లెక్కేసి, వేగం తగ్గించి, ముందుకి జరపడం. అంతే.

నమ్మే ముందు పరీక్ష పెట్టాను. .44కి ప్రచురిత వేగాలు మొదట 1180, 50 గజాల్లో 1081, 100 గజాల్లో 1010. కోఎఫిషియెంట్‌ని 100 గజాల అంకెకి సరిపోయేలా సర్దితే 0.173 దగ్గర కుదిరింది. 50 గజాల అంకెని స్క్రిప్ట్‌కి నేను చెప్పలేదు. అది తనంతట తాను 1081 ఇచ్చింది. ఆ అంకె కనబడ్డాక రాత్రి హాయిగా నిద్రపట్టింది. .454కి అదే పద్ధతిలో 0.185 వచ్చింది, .460 తేలిక బుల్లెట్‌కి 0.145 వేశాను.

.460 ఫలితం: 2200తో బయల్దేరి 100 గజాల్లో సుమారు 1685, 200 గజాల్లో 1277. శక్తి 2150 నుంచి 200 గజాల దగ్గర దాదాపు 724కి పడిపోయింది. .44 బ్యారెల్ చివర ఇచ్చేది 742. అంటే .460 రెండొందల గజాల అవతల, .44 మూతి దగ్గర చేసే పని చేయగలదన్నమాట. కాగితం మీద ఇది చాలా పెద్ద లాభం, దాన్ని తక్కువ చేసి చెప్పను.

బుధవారం: డ్రాప్ (బుల్లెట్ కిందికి పడటం)

స్కోప్ మధ్య గీత బ్యారెల్ మధ్య గీతకి 2 అంగుళాలు పైన ఉందనుకుని, అన్నింటినీ 100 గజాలకి జీరో చేశాను, అంటే ఆ దూరంలో బుల్లెట్ సరిగ్గా గురి మీద పడేలా సర్దాను.

.44: 50 గజాల్లో 2.7 అంగుళాలు పైన, 150లో 11 కింద, 200లో దాదాపు 32 కింద.
.454: 50లో 1 పైన, 150లో 6 కింద.
.460: 50లో సున్నాకి దగ్గర, 150లో 3.2 కింద, 200లో 10.5 కింద.

.357ని కూడా నడిపి చూశాను. వంద గజాల దాకా .44తో దాదాపు కలిసే వెళ్తుంది. దారి ఒకటే అయినా చివర చేరే శక్తి 361, .44కి 543.

తర్వాత పాయింట్ బ్లాంక్ లెక్క. 6 అంగుళాల వలయం అనుకోండి. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు దానికంటే కొంచెం పెద్దదే, కానీ జాగ్రత్త కోసం 6 అన్నాను. బుల్లెట్ మధ్య గీతకి 3 అంగుళాలు పైకి, 3 అంగుళాలు కిందికి మించకుండా ఎంత దూరం పోతుంది? .44ని 103 గజాలకి జీరో చేస్తే 120 గజాల దాకా. .454ని 132కి చేస్తే 154 దాకా. .460ని 166కి చేస్తే 190 దాకా. ఈ దూరాల్లో ఎత్తు సర్దుబాటు లేకుండా నేరుగా మధ్యలో గురిపెట్టవచ్చు, చేయి కదలకపోతే. ఆ "కదలకపోతే" గురించి శనివారం రాస్తాను.

.460 అసలు గొప్పతనం దూరాన్ని తప్పుగా అంచనా వేసినప్పుడు తెలుస్తుంది. 100 గజాలనుకుని పేల్చారు, నిజానికి 125 ఉంది. .44 అయితే నాలుగున్నర అంగుళాలు కిందికి పడుతుంది, అంటే ఆ వలయం బయటికి. .460 ఒకటీ పావు అంగుళం. తెల్లవారుజామున చెట్ల మధ్య దూరం అంచనా వేసే మనిషికి ఇది నిజమైన భద్రత.

కాకపోతే ఇప్పుడు లేజర్ రేంజ్‌ఫైండర్ అందరి జేబుల్లో ఉంటోంది. బటన్ నొక్కితే 125 అని చెప్పేస్తుంది. ఆ పరికరం ఉన్నవాడికి .460 ఇచ్చే ఈ లాభంలో పెద్ద భాగం అక్కర్లేదు.

గురువారం: గాలి

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన రోజు ఇది. గంటకి 10 మైళ్ల గాలి పక్కనుంచి వీస్తోందనుకుని మూడింటినీ నడిపాను.

100 గజాల దగ్గర పక్కకి జరగడం: .44కి 3.9 అంగుళాలు, .454కి 3.9, .460కి 3.4.
200 గజాల దగ్గర: .44కి 14.4, .460కి 15.4.

రెండొందల గజాల్లో .460 గాలికి .44 కంటే కాస్త ఎక్కువే కొట్టుకుపోయింది! మొదటి వేగం దాదాపు రెట్టింపు, ప్రయాణ సమయం 0.36 సెకన్లు, .44కి 0.59. అయినా ఇలా ఎందుకొచ్చింది?

కారణం ఆలస్యంలో ఉంది. పక్కగాలి బుల్లెట్‌ని ఎంత జరుపుతుందన్నది మొత్తం ప్రయాణ సమయం మీద ఆధారపడదు. గాలి రాపిడే లేకపోతే పట్టే సమయం కంటే నిజంగా పట్టిన సమయం ఎంత ఎక్కువో, ఆ తేడాని గాలి వేగంతో గుణిస్తే జరుగుదల వస్తుంది. .44 200 గజాలు, అంటే 600 అడుగులు, 1180 వేగంతోనే పోగలిగితే 0.508 సెకన్లు. నిజంగా పట్టింది 0.590. తేడా 0.082. .460కి రాపిడి లేకుండా 0.273, నిజంగా 0.360. తేడా 0.087. పది మైళ్ల గాలి అంటే సెకనుకి 176 అంగుళాలు. గుణించుకుంటే పై అంకెలు వచ్చేస్తాయి.

తేలికైన, మొద్దు ముఖం ఉన్న బుల్లెట్‌ని ధ్వని వేగానికి రెట్టింపుతో తోస్తే గాలి దాన్ని విపరీతంగా లాగుతుంది. .44 బుల్లెట్ అప్పటికే ధ్వని వేగం దగ్గర్లో ఉంటుంది. కాసేపటికి దాని కిందికి దిగాక రాపిడి బాగా తగ్గిపోతుంది, మిగిలిన దారి నింపాదిగా వెళ్తుంది. అందుకే నెమ్మదైనదైనా గాలి ముందు వెనకబడలేదు.

డ్రాప్‌ని రేంజ్‌ఫైండర్‌తో దిద్దుకోవచ్చు. గాలిని అలా దిద్దుకోలేం. లోయ అవతల గడ్డి ఎటు వంగుతోందో, మధ్యలో చెట్ల సందులో గాలి ఎటు తిరుగుతోందో చూసి ఊహించడమే. .460 ఏ తప్పుని బాగా తగ్గిస్తుందో ఆ తప్పుకి ఇప్పటికే చౌకైన మందు ఉంది. మందు లేని తప్పుని అది ఏమంత తగ్గించదు. మిత్రుడికి ఈ వాక్యం ఫోన్‌లో చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే బరువు బుల్లెట్ వేస్తే?" అన్నాడు. మంచి ప్రశ్న. .460లో 300 గ్రెయిన్ల బుల్లెట్ వేస్తే కోఎఫిషియెంట్ పెరిగి గాలి ప్రభావం తగ్గుతుంది, వేగం కూడా తగ్గుతుంది. అలా చేసుకుంటూ పోతే అది వేగం ఎక్కువైన .454 అవుతుంది. బుల్లెట్ వ్యాసం రెంటికీ 0.452 అంగుళాలే.

శుక్రవారం: రీకాయిల్ (తుపాకీ వెనక్కి తన్నడం) షీట్

దీనికి మంచి అవకాశం దొరికింది. రూగర్ సూపర్ రెడ్‌హాక్ అనే మోడల్ .44, .454, .480 మూడింటిలోనూ వచ్చింది. బరువు ఏడున్నర అంగుళాల బ్యారెల్‌తో 53 ఔన్సుల చొప్పున, అంటే 3.3 పౌండ్లు వేసుకున్నాను. తుపాకీ ఒకటే కాబట్టి తేడా అంతా కార్ట్రిడ్జ్‌దే.

బుల్లెట్ ద్రవ్యవేగం ఒక్కటే తీసుకుని లెక్కేశాను. తుపాకీ మందు గ్యాస్ కూడా వెనక్కి తోస్తుంది కాబట్టి నిజం ఇంతకంటే ఎక్కువే. .44కి 7.7 ఫుట్-పౌండ్లు, .480కి 18.5, .454కి 22.8. ఒకే రివాల్వర్, ఒకే చేయి, తన్ను మాత్రం మూడింతలు. .500ని దాని సొంత రివాల్వర్‌లో, ఎస్ అండ్ డబ్ల్యూ ఎక్స్ ఫ్రేమ్‌లో లెక్కేస్తే, నాలుగున్నర పౌండ్ల బరువున్నా 440 గ్రెయిన్ల బుల్లెట్‌కి 36 వచ్చింది. బ్యారెల్ చివర మజిల్ బ్రేక్ (గ్యాస్‌ని పక్కలకి మళ్లించే భాగం) ఉంటే ఇందులో కొంత తగ్గుతుంది, కానీ శబ్దం పక్కవాళ్ల మీదకి మళ్లుతుంది.

శనివారం: రేంజ్‌లో

బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తీసుకెళ్లాం. రివాల్వర్ మూతికి మరీ దగ్గరగా పెడితే పేలుడు గాలే సెన్సార్‌ని కదిలించి పిచ్చి అంకెలు చూపిస్తుంది. పెద్ద మాగ్నమ్‌లతో ఇది మరీ ఎక్కువ. అందుకే బాగా ముందుకి జరిపి పెట్టాం. .44 ఏడున్నర అంగుళాల బ్యారెల్‌లో 1180 దాటే వచ్చింది. ఆశ్చర్యమేం లేదు, ప్రచురిత అంకె పొట్టి టెస్ట్ బ్యారెల్‌ది. ఇక నుంచి మిత్రుడి లెక్కలకి అతని తుపాకీలో వచ్చిన అంకెనే వాడాలి.

ఇంకో పరిచయస్తుడు .454 తెచ్చాడు. చేతికిచ్చే ముందు మిత్రుడికి రెండు మాటలు చెప్పాడు. చెవికి ప్లగ్, పైన మఫ్ రెండూ పెట్టుకో. ఎడమ చేతి వేళ్లు, బొటనవేలు ఏదీ సిలిండర్ (కార్ట్రిడ్జ్‌లు పెట్టే తిరిగే భాగం) ముందు అంచు దాటి పోకూడదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది, అందులోంచి పక్కలకి చిమ్మే గ్యాస్ ఈ పీడనాల దగ్గర వేలిని తీవ్రంగా గాయపరచగలదు. రైఫిల్ పట్టు అలవాటున్నవాళ్లు చేయి ముందుకి పెట్టేస్తారు, అక్కడే ప్రమాదం.

అసలు పరీక్ష ఇది. సిలిండర్‌లో కొన్ని గదుల్లో నిజమైన కార్ట్రిడ్జ్‌లు, కొన్నింట్లో డమ్మీలు వేసి తిప్పి మూసేస్తాం. పేల్చేవాడికి ఏది ఎప్పుడొస్తుందో తెలియదు. డమ్మీ మీద హ్యామర్ పడ్డప్పుడు తుపాకీ కదలకుండా ఉంటే చేయి బాగున్నట్టు.

.44తో మిత్రుడు డమ్మీ వచ్చినప్పుడు కూడా నిలకడగానే ఉన్నాడు. బ్యారెల్ ఇసుక సంచి మీద కదల్లేదు. .454తో మొదటి రెండు మూడు బాగానే పోయాయి. ఆ తర్వాత డమ్మీ వచ్చింది. హ్యామర్ టక్‌మంది, శబ్దం లేదు, కానీ బ్యారెల్ చివర కిందికి, కొంచెం ఎడమకి ఒక్కసారిగా ముడుచుకుపోయింది. మణికట్టు బిగిసింది, కళ్లు మూసుకున్నాయి. పక్కన నిలబడ్డ నాకు స్పష్టంగా కనబడింది. పేలుడు వచ్చినప్పుడు అదే కదలిక శబ్దంలో, పొగలో దాగిపోతుంది, మనం స్కోప్‌నో బుల్లెట్‌నో తిట్టుకుంటాం. చేయి నొప్పి గుర్తుపెట్టుకుని తుపాకీ పేలే ముందే కాచుకుంటుంది. ఎంత ధైర్యవంతుడికైనా జరిగేదే, అభ్యాసంతో తగ్గుతుంది, ఎక్కువ పేలిస్తే మళ్లీ వస్తుంది.

టార్గెట్‌లు తెచ్చి కొలిచాం. .44తో 50 గజాల్లో అతని గుంపు 4 అంగుళాల్లో పట్టింది. అదే నిలకడ ఉంటే 75 గజాల్లో 6 అంగుళాలు, 100లో 8. అంటే 6 అంగుళాల వలయంలో నమ్మకంగా పెట్టగలిగే దూరం 75 గజాలు, అదీ ఇసుక సంచి ఆసరాతో. .44 కార్ట్రిడ్జ్ తనంతట తాను 120 గజాలు వెళ్లగలదని బుధవారం లెక్క చెప్పింది. కార్ట్రిడ్జ్ ఇంకా 45 గజాలు మిగిలి ఉండగానే చేయి ఆగిపోయింది. .454తో గుంపు విచ్చుకుంది, ఆ చేయి ఇంకా ముందే ఆగుతుంది. 190 గజాలు వెళ్లే .460 కొంటే ఆ 75 ఏమీ పెరగదు. తన్ను వల్ల తగ్గే అవకాశమే ఎక్కువ.

బాలిస్టిక్స్ పోలికలు ఎక్కువగా బ్యారెల్ దగ్గర మొదలై జంతువు వైపు వెళ్తాయి. చేతి దగ్గర మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. మనిషి ఎంత దూరం నమ్మకంగా పెట్టగలడో ముందు కొలవాలి, ఆ దూరంలో ఏ కార్ట్రిడ్జ్ చాలినంత పని చేస్తుందో తర్వాత చూడాలి.

ఇంటికి బయల్దేరే ముందు ఇంకో సంగతి చూశాం. .454తో సిలిండర్‌లో ఒక్క కార్ట్రిడ్జ్ మిగిలే దాకా పేల్చి, మిగిలినదాన్ని తీసి క్యాలిపర్‌తో పొడవు కొలిచాం. పక్క గదుల తన్నుకి బుల్లెట్ గొట్టంలోంచి నెమ్మదిగా బయటికి జరగొచ్చు. ఎక్కువ జరిగితే ముందుకి పొడుచుకొచ్చి సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. గాయపడిన జంతువు ఎదురుగా ఉన్నప్పుడు అలా జరిగితే ఏం చేస్తాం? ఆ రోజు బుల్లెట్ కదల్లేదు, ఫ్యాక్టరీ క్రింప్ (బుల్లెట్‌ని పట్టి ఉంచే గొట్టం అంచు నొక్కు) బలంగా ఉంది. వేటకి వెళ్లేవాళ్లు తమ తుపాకీలో, తమ కార్ట్రిడ్జ్‌తో ఈ కొలత ఒక్కసారైనా చేసి తీరాలి.

ఆదివారం: చట్టం గీసిన గీత

ఎంత శక్తి చాలు అన్నదానికి అమెరికాలో కొన్ని రాష్ట్రాలు చట్టంలోనే అంకె పెట్టాయి. వర్జీనియాలో జింక వేటకి రివాల్వర్ కార్ట్రిడ్జ్ బ్యారెల్ దగ్గర 350 ఫుట్-పౌండ్లు ఇవ్వాలి. కొలరాడోలో పెద్ద జంతువులకి 50 గజాల దగ్గర 550 ఉండాలి. రెండు గీతల్నీ షీట్‌లో గీశాను.

.357 మొదటిదాన్ని 535తో సులువుగా దాటుతుంది. రెండోదాని దగ్గర 428తో ఆగిపోతుంది. .41 అక్కడ 630, .44 అక్కడ 623. ఈ రెండూ పాస్. .454, .460, .500 గురించి చెప్పనే అక్కర్లేదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది రూల్ బుక్ చూసుకునే బయల్దేరాలి.

కొలరాడో గీత నాకు తెలివైనదిగా కనిపించింది. బ్యారెల్ దగ్గరి అంకె అడగకుండా జంతువు ఉండే దూరంలో అంకె అడిగింది. అయితే అదీ శక్తి ఒక్కటే. 623 ఫుట్-పౌండ్లతో పగిలిపోయే తేలిక బుల్లెట్టూ, అదే శక్తితో అటునుంచి ఇటు దూసుకుపోయే బరువు బుల్లెట్టూ చట్టం దృష్టిలో ఒకటే. జింక దేహంలో ఒకటి కాదు.

ఇప్పటికి నా సిఫారసు ఇది. మిత్రుడు .44తోనే వెళ్లాలి, 75 గజాలు దాటి ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. కొత్త రివాల్వర్ డబ్బుతో కార్ట్రిడ్జ్‌లు కొని సీజన్ దాకా ప్రతి వారం కొద్దికొద్దిగా పేల్చాలి. 75ని 90 చేయగలిగితే అది ఏ కొత్త మాగ్నమ్ ఇచ్చే లాభం కంటే పెద్దది. బరువైన జంతువులు, ఎలుగుబంట్లు ఉన్నచోట తిరిగేవాళ్ల లెక్క వేరు. అక్కడ దూరం పది ఇరవై గజాలు, అవసరం లోతు. .480, .454, .500లలో గట్టి సీసపు బరువు బుల్లెట్‌లకి అసలైన చోటు అదే. వాటిని నేను వద్దనను.

అతను ఒప్పుకున్నాడా? సగం. "ముందు .44లో 300 గ్రెయిన్లవి పేల్చి చూద్దాం అన్నా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

సోమవారం: ఎత్తు

స్క్రిప్ట్‌కి ఒక కాలమ్ చేర్చాను, గాలి సాంద్రత. ఇంతవరకూ లెక్కలన్నీ సముద్రమట్టం దగ్గరి గాలికి. 8000 అడుగుల ఎత్తులో సాంద్రత దానిలో సుమారు 79 శాతమే. మళ్లీ నడిపితే 200 గజాల దగ్గర .460 పక్క జరుగుదల 15.4 నుంచి 12 అంగుళాల దరిదాపుకి వచ్చింది. రాపిడి తగ్గింది కాబట్టి డ్రాప్ కూడా కొంత తగ్గింది. 75 గజాల లోపల .44కి తేడా పట్టించుకోవాల్సినంత లేదు. కొండల మీద ఎల్క్ కోసం దూరం పేల్చాలనుకునేవాళ్లు మాత్రం తమ జీరోని ఆ ఎత్తులోనే సరిచూసుకోవాలి.

తర్వాతి పని 300 గ్రెయిన్ల .44ని క్రోనోగ్రాఫ్ మీద పెట్టడం, డమ్మీ పరీక్ష మళ్లీ చేయడం. ఆ బుల్లెట్‌తో తన్ను పెరిగి 50 గజాల గుంపు 4 అంగుళాలు దాటితే, లోతు కోసం దూరం వదులుకోవాల్సిందే. ఎంత వదులుకోవాలో టార్గెట్ మీద కొలిచి రాస్తాను.